డైరెక్టర్ రంగు వేసిన ఆపిల్

ముందు మీరు చూసింది చెప్పండి. ఆ వీధిలో మీరూ ఉన్నారు కదా. మొక్పో రేవులో చేపల మార్కెట్ వెనకాల, మందుల దుకాణం పక్క మెట్లెక్కి రోజూ రెండో అంతస్తుకు పోయే విదేశీ టీచర్ని మీరూ చూశారు. ఏం చూశారు? పొడుగాటి మనిషి, ఎర్రటి బుగ్గలు, ఎండాకాలంలో కూడా మెడకు గుడ్డ. అంతేనా? అంతే అయితే కూర్చోండి. మిగతాది నేను చెబుతాను.

ఆవిడ పేరు ఒయూనా. సొంతూరు మంగోలియాలో ఉలాన్‌బాతర్. అక్కడి సంగీత కళాశాలలో పదకొండేళ్ళు పియానో నేర్చుకుని ఈ రేవుకొచ్చింది. ప్యో మ్యాంగ్‌సుక్ అనే డైరెక్టరమ్మ నడిపే పియానో బడిలో మూడేళ్ళుగా పాఠాలు చెబుతోంది. బీరువాలంత గదులు ఆరు, ఒక్కో గదిలో ఒక్కో పియానో. ఆరింటినీ తుడిచి, గుమ్మం దగ్గర చెప్పులు సర్దేసరికి పసుపుపచ్చ వ్యాను వచ్చేది. పిల్లలు బిలబిలా మెట్లెక్కి వచ్చేవాళ్ళు.

ఒక్కొక్కరి నోటుపుస్తకంలో ఆవిడ పెన్సిల్‌తో పది ఆపిళ్ళు గీసిచ్చేది. పాఠం ఒకసారి వాయిస్తే ఒక ఆపిల్‌కి ఎర్ర రంగు వేయాలి. ఈ దేశంలో ప్రతి పియానో బడిలోనూ ఇదే పద్ధతి. ప్రతి బడిలోనూ పిల్లలు రెండుసార్లు వాయించి పదింటికీ రంగు వేసేస్తారు. ఎక్కడైనా ఆ ఆపిళ్ళు నోరు మెదపవు. ఒయూనా గీసినవి మాత్రం ఊరుకోవు. అబద్ధంగా రంగు వేస్తే రెండు గంటల్లో కుళ్ళిపోతాయి. కాగితం మీదే గోధుమరంగుకు తిరిగి, మెత్తబడి, పక్క పేజీకి అంటుకుంటాయి. ఇంటికెళ్ళాక తల్లులు వంటింటి కిటికీ తెరిచి మరీ సంచీ విప్పేవాళ్ళు.

"ఇవాళ ఎన్నిసార్లు ఎగ్గొట్టావు?"

"మూడే అమ్మా."

"నా ముక్కుకి ఏడు తగులుతున్నాయి."

దాంతో పిల్లలు చచ్చినట్టు వాయించడం నేర్చుకున్నారు. కిందటేడు ఊరి పోటీల్లో అయిదు బహుమతులూ ఈ బడికే వచ్చాయి. డైరెక్టరమ్మ ఆ పిల్లల పేర్లు గుడ్డ మీద అచ్చువేయించి కిటికీకి వేలాడదీసింది. అందులో ఒయూనా పేరు లేదు. ఆరో గది వెనక సామాన్ల కొట్లో పాత కర్టెన్ల మధ్య ఆవిడ పడుకునేది. దానికి కిటికీ లేదు. మీరు గుడ్డ చూసి చప్పట్లు కొట్టారు. ఆ సామాన్ల కొట్టు మాత్రం ఎవరూ చూడలేదు.

ఈ వసంతంలో గ్వాంగ్జులోని ఒక బడి ఆవిడను రమ్మంది. పిల్లల వాద్యబృందం అప్పగిస్తామంది, కిటికీ ఉన్న గది ఇస్తామంది. కానీ విదేశీ టీచర్ ఊరికే ఉద్యోగం మారలేదు. పాత యజమాని ఒప్పుకుంటూ ముద్ర వేసిన కాగితం కావాలి. ఆ కాగితం శుక్రవారం సాయంత్రం ఆరులోపు వీసాల ఆఫీసులో ఇవ్వాలి. ఇవ్వకపోతే అక్కడితో గడువు అయిపోతుంది, దేశం వదిలి పోవాలి.

ఒయూనా మూడు వారాలుగా ఆ కాగితం పట్టుకుని తిరుగుతోంది.

"ముద్ర ఇంట్లో మర్చిపోయాను," అంది డైరెక్టరమ్మ మొదట. తర్వాత సిరా ఎండిపోయిందంది. ఆ తర్వాత, "నీకు ఇక్కడేం తక్కువైంది చెప్పు. నెలాఖరుకి పోటీలు. ఇప్పుడు వదిలేసి పోతానంటే పిల్లల గతేంటి? ఇంకో ఏడాదికి సంతకం పెట్టు, లేదా మీ దేశానికి పో," అంది. నవ్వుతూనే అంది.

తల్లులకు ఇదంతా తెలుసు. గోడలు పల్చన. పోటీలయ్యేదాకా ఒయూనా ఉంటే బాగుండునని వాళ్ళకూ ఉంది. అందుకే ఎవరూ నోరెత్తలేదు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

గురువారం నాలుగు గంటలకు ఒయూనా మళ్ళీ ఆఫీసు గదిలోకి వెళ్ళింది. తలుపు తెరిచే ఉంది. బయట బెంచీ మీద పిల్లలు తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు.

"రేపే ఆఖరి రోజు, డైరెక్టర్ గారూ."

"రేపు పొద్దున తొమ్మిదింటికి వేస్తానన్నానుగా. రాసుకున్నాను కూడా, చూడు." డైరెక్టరమ్మ బల్ల మీది డైరీ తిప్పి చూపించింది. 'ఒయూనా కాగితం, తొమ్మిది గంటలు' అని ఉంది.

ఒయూనా చెవి మీద దోపుకున్న పెన్సిల్ తీసింది. ఆ మాట పక్కన ఒక ఆపిల్ గీసింది. ఎర్ర పెన్సిల్ డైరెక్టరమ్మ ముందు పెట్టింది.

"మాట నిజమైతే రంగు వేయండి."

"నన్నూ మొదటి తరగతిలో వేశావా?"

ఒయూనా ఎర్ర పెన్సిల్ ఇంకాస్త ముందుకు జరిపింది. బెంచీ మీద పిల్లలు మెడలు చాచారు. వాళ్ళు చూస్తుండగా వెనక్కి తగ్గడం డైరెక్టరమ్మకు చేతకాలేదు. గబగబా రంగు వేసేసి, డైరీ సొరుగులో పెట్టి మూసేసింది.

అయిదున్నరకు మొదలైంది. ముందు సన్నగా, గదిలో ఎవరో పండు మరిచిపోయినట్టు. డైరెక్టరమ్మ కిటికీలు తెరిచింది. పావుగంటకు మెట్ల దాకా పాకింది. ఆవిడ డైరీని సంచీలో చుట్టి, చిన్న ఫ్రిజ్‌లో పెరుగు సీసాల వెనక తోసింది. అయినా ఆగలేదు. కింద మందుల దుకాణం వాడు షట్టరు సగం దించేశాడు.

ఆరింటికి తల్లులొచ్చారు. ముక్కులు మూసుకుని, ఎవరి పిల్లల్ని వాళ్ళు పట్టుకున్నారు.

"పరువు తీశావు కదే, ఎన్ని ఎగ్గొట్టావు?" నారీ వాళ్ళమ్మ కూతురి వీపు మీద ఒకటి వేసింది.

"పదీ వాయించానమ్మా."

పుస్తకాలన్నీ తెరిచారు. ఆపిళ్ళన్నీ ఎర్రగా, నవనవలాడుతూ ఉన్నాయి. దెబ్బ తిన్న పిల్లలు వీపులు తడుముకున్నారు. తల్లులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, ఆ తర్వాత నేల చూశారు. వాసన ఆఫీసు గదిలోంచే వస్తోంది. అందరికీ తెలిసింది. ఎవరూ కదల్లేదు.

ఎనిమిదేళ్ళ బోరమ్ తనను తీసుకెళ్ళడానికొచ్చిన నాయనమ్మ చెయ్యి పట్టి లాగింది. "డైరెక్టర్ గారు కూడా ఒకటి వేశారు నాయనమ్మా. టీచర్ కాగితం మీద ముద్ర వేస్తానని. ఆ డైరీ ఫ్రిజ్‌లో దాచారు."

ఆ నాయనమ్మ తక్ వాళ్ళింటి ముసలామె. నలభై ఏళ్ళు చేపలు కోసిన చెయ్యి. మోకాళ్ళు పట్టుకుని గుమ్మం దాటి, ఆఫీసు గది మధ్యలో చాపేసినట్టు కూర్చుంది.

"ఏమ్మా డైరెక్టరూ, ఫ్రిజ్‌లో ఏం దాచావు?"

"బామ్మగారూ, ఇది మా బడి వ్యవహారం."

"వ్యవహారం మా ఇంటి దాకా కంపు కొడుతోంది తల్లీ."

డైరెక్టరమ్మ ఆమెను దాటి తల్లుల వైపు తిరిగింది. గొంతు మెత్తగా చేసింది. "మీరే చెప్పండి. నెలాఖరుకి పోటీలు. ఈవిణ్ణి రేపు పంపేస్తే మీ పిల్లలకు ఎవరు నేర్పుతారు? మీరు పంపేయమంటే ఇప్పుడే పంపేస్తాను. నారీ వాళ్ళమ్మా, మీరు చెప్పండి."

నారీ తల్లి సంచీ పట్టీ సర్దుకుంది. ఇంకొకామె దగ్గింది. ఒయూనా గోడకానుకుని కాగితం రెండు చేతులా పట్టుకుని నిలబడింది. అంతమందిలో ఒక్కరు "ఉండనివ్వండి" అంటే ఆవిడ దారి అక్కడితో మూసుకుపోయేది. ఆరో గదిలో ఎవరో పిల్ల ఒకే స్వరం నొక్కుతోంది.

"నా మనవరాలు కూడా పోటీకి పేరిచ్చింది," అంది ముసలామె. "ఈ టీచర్ లేకపోతే బోర్లా పడుతుంది. పడనీ. పడ్డ పిల్ల లేస్తుంది. ఒక మనిషిని కొట్లో మూసిపెట్టి గెలిచిన బహుమతి నా ఇంట్లో పెట్టుకోను. ముద్ర వెయ్యి. వేసేదాకా లేవను. అన్నం ఇక్కడికే తెప్పించుకుంటాను, ఈ కంపులోనే తింటాను."

నారీ తల్లి వచ్చి ముసలామె పక్కన కూర్చుంది. దగ్గినామె కూడా కూర్చుంది. మిగతా వాళ్ళు గుమ్మంలోనే నిలబడిపోయారు.

డైరెక్టరమ్మ గోడగడియారం చూసింది. తర్వాత చేతిసంచీ లోపలి అర విప్పింది. ముద్ర మూడు వారాలుగా అక్కడే ఉంది. దాని మీద నోటితో వేడిగా ఊది, కాగితం మీద నొక్కింది. ఒయూనా తల వంచి, రెండు చేతులతో కాగితం అందుకుంది. ఫ్రిజ్ తెరిచి చూస్తే డైరీలో ఆపిల్ మళ్ళీ ఎర్రగా ఉంది, పెరుగు సీసాలు చల్లగా ఉన్నాయి. వాసన లేదు.

శుక్రవారం పొద్దున్నే ఆవిడ వీసాల ఆఫీసు తలుపులు తెరవకముందే వరసలో నిలబడింది. మధ్యాహ్నం బస్సులో గ్వాంగ్జు వెళ్ళిపోయింది. నెలాఖరు పోటీల్లో బోరమ్‌కి బహుమతి రాలేదు. నారీకీ రాలేదు. ముసలామె ఆ రోజు మనవరాలికి పీతల పులుసు చేసిపెట్టింది.

ఇప్పుడు ఆ బడికి కొత్త టీచర్ వచ్చింది. తాష్కెంట్ అమ్మాయి, నెమ్మదస్తురాలు. ఆ అమ్మాయి గీసిన ఆపిళ్ళు కుళ్ళవు. ఏ వాసనా రాదు. ఆరో గది వెనకే పడుకుంటోంది. మీరు రోజూ ఆ మెట్లెక్కి మీ పిల్లని ఇంటికి తీసుకుపోతున్నారు. ఆ అమ్మాయి పాస్‌పోర్టు ఎవరి సొరుగులో ఉందో ఒక్కసారైనా అడిగారా?