కాలువ గట్టు ఎండ్రికాయలు

ఇబ్రహీంపట్నం పెద్దచెరువుకు నీళ్లు తెచ్చే కాలువ ఒకటి ఉండేది. దాని గట్టు బొరియల్లో చెయ్యి పెట్టి ఎండ్రికాయలు పట్టడమే ఇంద్రమ్మ బతుకు. చేపలు పట్టే మగవాళ్లకు సంఘముంది, కార్డులున్నాయి. ఎండ్రికాయలు పట్టే ఆడదానికి ఏమీ లేదు. ఆమె పట్టినవాటిని పక్కింటి బీబీ హయత్‌నగర్ సంతకు తీసుకుపోయి అమ్మేది. జలుబు చేసినవాళ్లు పులుసుకని అడిగి మరీ కొనేవాళ్లు.

ఈ పనికొక కట్టుబాటుంది. కడుపు కింద పిల్లలున్న తల్లిని పట్టరాదు. చేతికొస్తే మళ్లీ అదే బొరియలో వదిలి, బొరియ మూతికి పల్చగా బురద మెత్తాలి. వేరే బొరియలో వేస్తే అందులో ఉన్నది చంపేస్తుందని ఇంద్రమ్మకు అత్త నేర్పింది.

చెరువు అంచంతా కాలనీల మురుగు చేరి ఎండ్రికాయలు చచ్చాయి. మిగిలింది ఈ కాలువే. పక్క పొలం ప్లాట్లయింది. ప్లాట్ల మనిషి రఘునందన్ వచ్చి వారంలో కాలువ పూడుస్తామన్నాడు. ఇది సర్కారు కాలువ గదా అని ఇంద్రమ్మ అడిగితే నవ్వాడు. ఆమె ఎమ్మార్వో ఆఫీసుకు పోయి పూడ్చొద్దని కాగితమిచ్చింది. ఎండ్రికాయల మీదే బతుకుతున్నట్టు రుజువు తెమ్మన్నారు. గిచ్చులు పడి గట్టిపడ్డ వేళ్లు రుజువు కాదట.

మర్నాడు గట్టు మీద బీబీ చెప్పి చూసింది.

"అక్కా, తల్లుల్ని గూడ తియ్యి. అమ్మకుంటే మానె, పైన కుంటల ఇడుద్దాం. గీడుంటే మట్టిలవడి సస్తయ్."

"వేరే బొక్కల బతకయ్ బీబీ. వారమన్నడు గద. గంతల పిల్లలు తల్లినిడిసి దిగుతయ్."

"ప్లాటోని మాట మీద మస్తు నమ్మకమే నీకు."

ఆ రోజు ఇంద్రమ్మ చేతికి వచ్చినవి ఎక్కువగా తల్లులే. ఒక్కొక్కదాన్ని దాని బొరియలోనే వదిలి బురద మెత్తింది. గంపలో అడుగు కూడా నిండలేదు.

వారం కాలేదు. మూడో రోజు పొద్దున ఇంద్రమ్మ, బీబీ వచ్చేసరికి కాలువ లేదు. ఎర్రమట్టి చదునుగా పరిచి ఉంది, మిషన్ అవతలి గట్టు తవ్వుతోంది.

ఇంద్రమ్మ ఒక బొరియ ఉన్న చోటు గుర్తుపట్టి కూర్చుంది. చేతులతోనే తవ్వింది. మోచేయి లోతులో ఒకటి దొరికింది. వీపు మీది డిప్ప పగిలింది. కడుపు కింద పిల్లలు ఇంకా తల్లిని పట్టుకునే ఉన్నాయి. రెండు మూడు కదులుతున్నాయి.

"దీన్ని ఏడ ఇడువాలె బీబీ?"

బీబీ చెరువు వైపు చూసింది. అక్కడ నీళ్ల మీద నల్లటి నురగ. పగిలిన డిప్పతో అది పైన కుంట దాకా బతకదు.

ఇంద్రమ్మ దాన్ని తవ్విన గుంతలోనే పెట్టింది. బురద లేదు. పొడిమట్టినే ఉమ్మితో తడిపి గుంత మూతికి మెత్తింది.

ఇప్పుడామె శేరిగూడలో ఒక కాలేజీ వరండాలు ఊడుస్తోంది.