పేర్లు చెప్పే రోజు

ఆ హాస్టల్లో ఎవరి చేతిరాత చూసినా ఒక్కటే. గుండ్రంగా, తాడు మీద ఆరేసిన గుడ్డల్లా వరసగా ఉంటుంది. పేపర్లు దిద్దేవాళ్ల కళ్లకు ఇంపుగా ఉండాలని, చేరిన కొత్తలోనే ఒక సారు వచ్చి అందరి రాతలూ మార్చి పోయాడు. జడలూ ఒక్కటే, నల్ల రిబ్బన్లూ ఒక్కటే. పేరు పెట్టి పిలవడం లేదు, రోల్ నంబరే. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో వెనక సందులో ఉన్న ఆ మేడలో హెప్సిబా నలభై ఒకటి. పక్క మంచం గీత నలభై రెండు. బట్టలుతికే చోట నల్లా పూర్తిగా తిప్పి, ఆ చప్పుడు చాటున మాత్రమే ఇద్దరూ పేర్లతో పిలుచుకునేవారు.

హెప్సిబా మాట్లాడడమే తక్కువ. అలాంటిది నవంబరులో ఒకనాడు వార్డెన్ మేడం మెస్సులో పక్కన కూర్చుని, "ఏంటమ్మా, మీ చర్చిలో క్రిస్మస్‌కి పిల్లలేం చేస్తారు?" అని అడిగేసరికి పొంగిపోయింది. ఎన్నడూ ఎవరూ ఏమీ అడగని పిల్ల కదా, ఉన్నదంతా చెప్పేసింది. పేర్లు చీటీల మీద రాసి డబ్బాలో వేస్తారు. ఎవరి చీటీ వస్తే వాళ్లే మన క్రిస్మస్ ఫ్రెండ్. నెలంతా వాళ్లకు తెలియకుండా మేలు చేయాలి. చెప్పుల్లో చాక్లెట్ పెట్టాలి, వాళ్ల వంతు పని మనం చేసిపెట్టాలి. చివరి రోజు లేచి నిలబడి, ఎవరికి ఎవరో పేర్లు చెప్పుకుంటారు.

"భలే ఉందే!" అంది మేడం.

డిసెంబరు రాగానే మెస్సులో డబ్బా తిరిగింది. హెప్సిబా గుండె సంబరంతో కొట్టుకుంది. చీటీ విప్పితే నలభై రెండు. గీతే! ఏ చాక్లెట్ కొనాలా అని ఆలోచిస్తూ ఉండగా మేడం మైకు అందుకుంది.

"మీకొచ్చిన నంబరుని ఓ కంట కనిపెట్టి ఉండండి. ఆ అమ్మాయి చేసే తప్పొకటి రాసి, ఏదో ఒక శుక్రవారం ఈ డబ్బాలో వెయ్యండి. ఇది చాడీ కాదమ్మా, మేలు. తప్పు తెలిస్తేనే కదా దిద్దుకునేది! రాసిందెవరో ఎప్పటికీ బయటపెట్టను. ఖాళీ చీటీ వేస్తే మాత్రం అది మీ తప్పు కిందే లెక్క."

రెండు తప్పులు పడ్డవాళ్లను బడంగ్‌పేట్ బ్రాంచికి పంపేవారు. అక్కడ అన్నం దగ్గర కూడా మాట్లాడకూడదని, ఇంటికి ఫోను ఉండదని చెప్పుకునేవారు. చెప్పుకోవడమే తప్ప, పోయిన వాళ్లెవరూ తిరిగి రాలేదు. గీత చదువు గంటకు ఆలస్యంగా వచ్చినందుకు మేడమే ఆమెకు ఒక తప్పు వేసి ఉంది.

మొదటి శనివారం ప్రార్థనలో మేడం చీటీలు చదివింది.

"నలభై ఒకటి. బట్టలుతికేటప్పుడు కూనిరాగం తీస్తుంది."

హెప్సిబా చెవులు వేడెక్కాయి. అది అమ్మ పోచమ్మ నాట్లప్పుడు తీసే రాగం. నల్లా చప్పుడులో, పక్కన గీత ఒక్కతే ఉన్నప్పుడు తీసింది. ఇంకెవరు విన్నారు?

సాయంత్రం నల్లా తిప్పి అడిగేసింది. "నువ్వేనా?"

"ఏందే, పిచ్చి లేసిందా? నేనెందుకు రాస్త?" గీత సబ్బు చేయి తుడుచుకోకుండానే ఆమె నెత్తిన పెట్టింది. "అమ్మతోడు, నేను కాదు. కర్మన్‌ఘాట్ హనుమంతుని తోడు."

హెప్సిబా ఇంట్లో ఎవరూ తోడు పెట్టరు, ఒట్లు వేయరు. నాన్న ఎబినేజర్, పోచమ్మ తమ పెళ్లప్పుడే మానేశారు. "మాట కుంటిదైతేనే బిడ్డా, దానికి తోడు కర్ర కావాలె" అనేది పోచమ్మ. అందుకే గీత ఒకటికి రెండు తోడులు పెట్టేసరికి హెప్సిబా అనుమానం రెట్టింపైంది. నెత్తి మీద సబ్బు నురగ తుడుచుకుని నల్లా కట్టేసింది.

ఆ తర్వాత గీతను చూడడం మొదలుపెట్టింది. ఇన్నాళ్లూ చూసిన చూపు వేరు, ఇది వేరు. గీత నవ్వితే ఎవరిని చూసి నవ్విందో వెతికింది. పెన్ను తీస్తే ఏం రాస్తుందో ఓరగా చూసింది. "ఇంకొంచెం పచ్చడి ఏసుకోవే" అంటే, ఎందుకు ఇస్తుందా అని వేలితో కెలికి చూసి తిన్నది. మెస్సులో అందరూ అట్లాగే తింటున్నారని కూడా అప్పుడే గమనించింది. ఎవరి పళ్లెం మీద వాళ్ల కళ్లు లేవు.

ఆఖరి శుక్రవారం వచ్చింది. ఖాళీ చీటీ వేస్తే హెప్సిబాకు రెండో తప్పు పడుతుంది. రాస్తే గీతకు పడుతుంది. ఇద్దరిలో ఒకరికి బడంగ్‌పేట్ తప్పదు.

గీత తప్పు ఆమెకు తెలుసు. చదువు గంటలో కడుపునొప్పి అని చెప్పి డాబా ఎక్కేది, నాదర్‌గుల్ వైపు నుంచి ఎగిరే చిన్న విమానాలు చూడడానికి. "నడుపుడు నేర్చుకునేటోళ్లంట. గా ఊగుడు చూడు, మా మామ స్కూటర్ లెక్క!" అని హెప్సిబాకు ఒక్కదానికే చెప్పింది.

హెప్సిబా రాసింది. "చదువు గంటలో డాబా మీద విమానాలు చూస్తుంది." రాసి, ఒకసారి చదువుకుంది. గుండ్రని అక్షరాలు. ఊళ్లో బడికి పోయినప్పుడు ఆమె 'వ' కింద ఒక తోక వేలాడేది, సారు నవ్వేవాడు. ఇందులో ఆ తోక లేదు. తన మీద వచ్చిన చీటీ కూడా అచ్చం ఇట్లాగే ఉంటుంది కదా అనుకుంది. ఎవరు రాసినా ఇదే రాత. తన చేతిలోది తనదేనని రుజువు చేయమంటే తను కూడా చేయలేదు.

చింపేసి ముక్కలు నీళ్లలో కలిపింది. ఖాళీ చీటీ వేసింది.

శనివారం మేడం డబ్బా కుదిపి నవ్వింది. "ఒకటి ఖాళీ. ఎవరికి ఏ నంబరు వచ్చిందో నా దగ్గరుంది. లేవమ్మా, నలభై ఒకటి. ఏమైనా చెప్పుకుంటావా?"

హెప్సిబా లేచింది. "మేడం... ఆట అయిపోలే. చివరి రోజు పేర్లు చెప్పాలె."

"ఏం పేర్లు?"

"నా క్రిస్మస్ ఫ్రెండ్ గీత."

ఆ హాల్లో ఒక పేరు పైకి వినిపించడం అదే మొదటిసారి. గీత తలెత్తింది. అంతలో వెనక వరసలో కుర్చీ జరిగింది. బట్టలుతికే చోటు వైపు కిటికీ పక్కన పడుకునే ప్రసన్న, ముక్కు చీదుకుంటూ లేచింది. "నాకు హెప్సిబా ఒచ్చింది మేడం. పాట ముచ్చట నేనే రాసిన. కిటికీల కెల్లి ఇన్న. ఏం రాయకుంటే నాకు పడతదని..."

"కూర్చోండి! నంబర్లు చెప్పండి, పేర్లు కాదు!" మేడం మైకు కీచుమంది. ఇంకో కుర్చీ జరిగింది. ఎవరో ఎవరి పేరో చెప్పారు, వినబడలేదు.

సాయంత్రానికి వ్యాను వచ్చింది. హెప్సిబా పెట్టె సర్దుతుంటే గీత గుమ్మంలో నిలబడింది.

"మొదటి నుంచీ ఖాళీగనే ఉంచినవా?"

అవునంటే సరిపోయేది. "లే. రాసిన. తర్వాత చింపిన."

"ఏం రాసినవ్?"

"విమానాలు."

గీత మొహం మాడిపోయింది. చాలాసేపు గోడ గిల్లింది. తర్వాత హెప్సిబా చేయి లాగి తన నెత్తిన పెట్టుకుంది. "చింపినవా? తోడు పెట్టు."

చేయి అక్కడే ఉంది. గీత జడ పాపిట వెచ్చగా తగిలింది. ఒక్క మాట అంటే చాలు. కానీ హెప్సిబా నోటికి ఆ మాట రాలేదు. "చింపిన. అంతే గీతా."

గీత ఆమె కళ్లలోకి చూసింది. ఈ నెలంతా ఇద్దరూ నేర్చుకున్న చూపే అది. తిప్పి తిప్పి వెతికింది.

"అబద్ధమాడేదానివైతే," అంది చివరికి, "రాసిన అని సుత చెప్పకపోదువు. తే, ఆ పెట్టె ఇటు తే."

గేటు దాకా మోసింది. గేటు మీద కెమెరా ఉంటుంది, దాని కింద ఎవరూ నిలబడరు. గీత నిలబడింది. వ్యాను కదులుతుంటే పైన ఒక చిన్న విమానం ఊగుతూ పోయింది. చదువు గంట మోగుతున్నా గీత తలెత్తి దాన్నే చూస్తూ, పోచమ్మ రాగం అందుకుంది. ఒక్క స్వరం కూడా కుదరలేదు. వ్యాను సందు మలుపు తిరిగేదాకా హెప్సిబాకు అది వినిపిస్తూనే ఉంది.