మోతబాట మీద ముళ్లతీగ

శనివారం వస్తే పంతులమ్మ హిల్డా ప్రౌట్‌కి బడి ఉండదు. తల్లికి ఓట్స్ జావ తాగించి, పొయ్యిలో బొగ్గు సర్ది, మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు తొడుక్కుని, మైనపుగుడ్డలో చుట్టిన పటం చంకన పెట్టుకుని దారుల మీద పడేది. కంచె దాటే మెట్టు ఎక్కడుంది, ఏ గేటు గొళ్లెం ఊడింది, ఏ వాగు మీద పలక కుళ్లింది, అన్నీ చూసుకుని ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, ఎర్ర సిరాతో పటం మీద గీసేది. కలం ముంచేముందు కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన. చర్చిలో బల్లలు తుడిచేటప్పుడు కూడా ఆమెకి అదే అలవాటు.

యుద్ధం ముగిసి ఏళ్లు గడిచినా మాంసం ఇంకా చీటీల మీదే ఇస్తున్న రోజులవి. జనం కాలినడకన తిరిగే దారులన్నీ ఊరూరా పటాల మీదికి ఎక్కించి జిల్లాకి పంపమని కొత్త చట్టం వచ్చింది. పటంలో ఎక్కిన దారిని ఎంత పెద్ద ఆసామీ అయినా మూయలేడు. ఎక్కనిదాన్ని రేపు దారి అంటే ఎవరూ ఒప్పుకోరని క్రాడ్‌వెల్ ఊరివాళ్లు అనుకున్నారు. అందుకే పటం గీసే కలం వచ్చేలోపు గుట్టుగా కంచెలు వేసుకున్న రైతులూ ఉన్నారు.

గ్రామసభ పెద్ద ఫెల్గేట్‌కి మాంసం కొట్టు. దారులు కొలిచే పని హిల్డాకి అప్పగిస్తూ, "నీకు మొగుడా, పిల్లలా, నడిచిరా అమ్మా," అన్నాడు. ఆ పొట్టతో మీరు కంచె దాటేదెప్పుడు, నేనే నడుస్తాలెండి అంది హిల్డా. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ వారం ఆమె పొట్లంలో పులుసు ఎముకలు కాస్త ఎక్కువే పడ్డాయి.

ఊరికి దిగువన ఉన్న కాసిని ఇళ్లని దిగువవాడ అంటారు. అక్కణ్ణుంచి ఆమోస్ గెడ్డింగ్ బార్లీ చేను మధ్యగా మిట్ట మీది చర్చికి పోయే దారి పేరు మోతబాట. దిగువవాడలో పోయినవాళ్లని ఆ దారినే భుజాల మీద మోసుకెళ్లి పైన పాతిపెడతారు. హిల్డా తాతనీ, ముత్తవ్వనీ, వంకరవేలు మేనత్త ఎడ్నానీ, పేరు పెట్టిన మర్నాడే పోయిన తమ్ముణ్ణీ, తండ్రి సైలస్‌నీ అలాగే మోశారు. ఆదివారం ప్రార్థనలో హిల్డా వాళ్ల పేర్లన్నీ వరసగా తలుచుకునేది. ఒకటి తప్పితే మళ్లీ మొదటికొచ్చేది.

దిగువవాడలో ఎవరికైనా రోజులు దగ్గరపడితే వాళ్ల అడుగులు ముందుగా బయల్దేరతాయి. తెల్లారేసరికి మోతబాట మీద వాళ్ల జోళ్ల గుర్తులు పడి ఉంటాయి. అవి పైకే పోతాయి, కిందికి రావు. రోజుకి కొంత మేర నడుస్తాయి. చర్చి గేటు దాటిన రోజు మనిషి పోతాడు. సైలస్ జోళ్లు కుట్టేవాడు కనక, గుర్తులు ఎవరివో ప్రౌట్ ఇంట్లో చూడగానే పోల్చేవాళ్లు. ఇక పొరుగువాళ్లు ఉతికిన దుప్పట్లు తెచ్చేవాళ్లు, గుడ్డూ పాలూ కలిపి ఏదో ఒకటి ఉడికించి తెచ్చేవాళ్లు. మాటలు లేనివాళ్లు వచ్చి పలకరించేవాళ్లు. గుర్తులు తొక్కకుండా పక్కనుంచి నడవమని పిల్లలకి చెప్పేవాళ్లు. అంతే.

జనవరి మంచులో హిల్డా తల్లి లియా గుర్తులు బయల్దేరాయి. ఎడమ మడమ లోపలివైపు అరిగిన జోడు. కడుపులో కంతి అని డాక్టరు ముందే చెప్పాడు. హిల్డా ఏడ్చి, మొహం కడుక్కుని, తల్లి నల్లగౌను ఇస్త్రీ చేసి పెట్టింది.

గుర్తులు చేను సగం దాకా వెళ్లాయి. అక్కడ బాటకి అడ్డంగా, కిందటి ఆగస్టులో గెడ్డింగ్ కట్టిన ముళ్లతీగ ఉంది. దాని దగ్గర ఆగిపోయాయి. మర్నాడు చూస్తే అక్కడే. ఆ మర్నాడూ అక్కడే. మంచు కరిగింది కానీ గుర్తులు కరగలేదు. ఆ రెండు జోళ్లూ నిలబడ్డ చోట నేల రోజురోజుకీ గుంట పడుతోంది.

లియా ప్రాణం పోలేదు. నొప్పి మాత్రం తన పని తాను చేసుకుపోయింది. మొదట్లో నొప్పి వచ్చినప్పుడల్లా ఆమె కీర్తనలు పాడుకునేది. ఫిబ్రవరికి కీర్తనలు పోయి దుప్పటి అంచు కొరకడం మిగిలింది. ఇంట్లో దుప్పట్లన్నీ అంచులు పీలికలయ్యాయి. ఇంత మత్తుమందుకి మనిషి మిగలకూడదే అని డాక్టరు గుమ్మంలో గొణుక్కుని వెళ్లిపోయాడు.

"ఆ తీగ తీయించవే తల్లీ," అంది లియా ఒక పొద్దున. మంచం దిగి నెలలైన మనిషి. "నిలబడి నిలబడి కాళ్లు లాగేస్తున్నాయి."

బాట పటంలోకి ఎక్కకూడదనే గెడ్డింగ్ తీగ కట్టాడని ఊరంతా అనుకుంది. నువ్వు గీత గియ్యి, మర్నాడే మనుషుల్ని పెట్టి కోయించేస్తా అన్నాడు ఫెల్గేట్. గీసేముందు ఒక్క మాట అడగాలనిపించింది హిల్డాకి. గెడ్డింగూ తనూ ఒక బల్ల మీద కూర్చుని చదువుకున్నవాళ్లు. వెళ్లేసరికి అతను తీగ దగ్గరే ఉన్నాడు, గుంజలు ఊగుతున్నాయేమో చూస్తూ.

"ఆమోస్, మా అమ్మ నీ తీగ దగ్గర నిలబడి ఉంది."

"చూస్తూనే ఉన్నా."

"నీ పెళ్లికి జోళ్లు కుట్టింది మా నాన్న. ఈ జానెడు మట్టి మీద అంత ఆశ ఏమిటయ్యా నీకు?"

లియా గుర్తుల పక్కన నేల మీద పాత రేకు ఒకటి బోర్లించి ఉంది. గెడ్డింగ్ వంగి దాన్ని ఎత్తాడు. కింద రెండు చిన్న గుర్తులు, తీగకి ఆనుకుని ఉన్నాయి. బొటనవేలి దగ్గర లాడం ముక్క కొట్టించిన పిల్లజోళ్లు. వాటి పట్టీలు బడిలో హిల్డా ఎన్నిసార్లు బిగించిందో. అవి గెడ్డింగ్ కూతురు మోరీన్‌వి.

"ఆగస్టులో కాళ్లు పడిపోయే జ్వరం వచ్చిందే దానికి, అప్పుడు బయల్దేరాయి," అన్నాడు గెడ్డింగ్. "పాలు పితకడానికి పోతూ చూశా. మర్నాటికి ఇక్కడిదాకా వచ్చేశాయి. ముందుకెళ్లి అడ్డంగా తీగ కట్టేశా. ఇంకేం తోచలేదు. వెనకవి దున్నేశా. ఇవి దున్నితే ఏమవుతుందోనని భయమేసి రేకు కప్పా."

"మీ ఆవిడ జీన్‌కి తెలుసా?"

"దానికీ చెప్పలేదు." రేకు మళ్లీ జాగ్రత్తగా దించాడు. "నువ్వు గీస్తే వాళ్లొచ్చి కోస్తారు. గియ్యి హిల్డా. నీ చెయ్యి పట్టుకోను. లియా అత్త మూలుగు మా ఇంటికి వినిపిస్తోంది. గీసేముందు మాత్రం కబురు చెయ్యి. పిల్లని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటా."

హిల్డా ఇంటికొచ్చి తల్లి మంచం పక్కన కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పింది. లియా దుప్పటి అంచు నోట్లోంచి తీసింది.

"ఎంత జోడు?" అంది.

హిల్డా అరచెయ్యి చాచి, మణికట్టు నుంచి నడిమివేలి కణుపు దాకా చూపించింది.

"పిల్ల కాలు ఊరుకోదే. మీ నాన్న బొటనవేలంత ఖాళీ వదిలి కుట్టినా, ఏడాది తిరక్కుండా తల్లులు గుమ్మంలో ఉండేవాళ్లు. ఆ జోడు దానికి పట్టకుండా పోతే ఆ అడుగులు దానివి కావు."

"అప్పటిదాకా నువ్వేం చేస్తావమ్మా?"

"నిలబడతా. ఇన్నేళ్లు చర్చిలో నిలబడి పాడలేదూ." దుప్పటి అంచు అందుకుని, "ఎవరికీ చెప్పకు. తెలిస్తే ఆ తల్లి గుండె ఆగిపోతుంది," అంది.

మార్చిలో బడిగదిలో గ్రామసభ కూర్చుంది. పిల్లల బల్లల్లో ఇరుక్కుని కూర్చున్న పెద్దల ముందు హిల్డా పటం పరిచింది. వాగుబాట, మరబాట, గొర్రెలబాట, ఒక్కొక్కటే వేలు పెట్టి చదివింది. మోతబాట ఉండాల్సిన చోట తెల్లకాగితం.

"ఇది మర్చిపోయావమ్మా," అన్నాడు ఫెల్గేట్.

"అక్కడ నాకు దారి కనపడలేదండీ."

ఫెల్గేట్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మీ నాన్నకి ముందు భుజం పట్టినవాణ్ణి నేను. ఆయన్ని ఏ దారిన మోశామో?"

"గుర్తులేదు," అంది హిల్డా.

అబద్ధం ఆడటం ఆమెకి అలవాటు లేదు. మెడ మీద ఎర్రగా దద్దులు లేచాయి. కొలిచినవాళ్ల మాటే లెక్క కనక పటం అలాగే జిల్లాకి వెళ్లిపోయింది. ఆ తర్వాత గుడ్లు తెచ్చిచ్చే పొరుగావిడ రావడం మానేసింది. చర్చిలో హిల్డా కూర్చున్న బల్ల మీద ఇంకెవరూ కూర్చోలేదు. గెడ్డింగ్ ఇంట్లో ఉప్పేసిన పంది తొడ ప్రౌట్ ఇంటికి లంచంగా చేరిందని ఎవరో అన్నారు. కొట్లో ఫెల్గేట్ పొట్లం కట్టి తలెత్తకుండా తోసేవాడు. ఆదివారం ప్రార్థనలో హిల్డా తాత పేరు దగ్గరే ఆగిపోయేది. గుర్తులేదన్న నోటితో మిగతా పేర్లు పలకడానికి సిగ్గేసేది.

బార్లీ మొలిచి, పొట్టకొచ్చి, పండింది. బాట మీద ఎప్పట్లాగే ఒక్క గింజా మొలవలేదు. లియా దుప్పటిలో పిడికెడు ఎముకలయింది. హిల్డా ఆమెని ఒత్తిగిలించేటప్పుడు కళ్లు మూసుకునేది. ప్రభువా, ఆ పిల్ల కాలు పెంచు అనేదే ఇప్పుడామె ప్రార్థన.

కోతలయ్యాక ఒక మధ్యాహ్నం గెడ్డింగ్ కూతుర్ని ఎత్తుకుని తీగ దగ్గరికి వచ్చాడు. హిల్డా ముందే వచ్చి నిలబడింది. అతను రేకు తీసి, పిల్ల మేజోళ్లు విప్పి, చంకల కింద పట్టుకుని గుర్తుల్లో దించాడు. కుడికాలి వేళ్లు గుర్తు దాటి గడ్డి మీదికొచ్చాయి. గెడ్డింగ్ ఊపిరి వదిలాడు.

"కుడిది ఇరుకు," అంది మోరీన్. కిందికి చూసుకుని సంబరంగా, "ఎడమది సరిపోయింది నాన్నా. ఎవరివి ఇవి?"

జ్వరం తిన్న కాలు అది. ఏడాదిగా గోరంత పెరగలేదు. గుర్తులో అచ్చు పోసినట్టు కూర్చుంది.

"పాతవి అమ్మా," అని పిల్లని పైకి లేపాడు. హిల్డా వంక చూడలేదు.

మర్నాడు రేకు కింద కుడి గుర్తు లేదు. ఎడమది ఒక్కటే ఉంది. ఇంకొంచెం ఆగాలి అని తల్లికి చెప్పింది హిల్డా. సరే అన్నట్టు లియా కళ్లు మూసి తెరిచింది. ఆ కాలు ఇక ఎప్పటికీ పెరగదేమోనన్న మాట హిల్డా నోట రాలేదు.

ఆ సాయంత్రం గెడ్డింగ్ టోపీ చేత్తో పట్టుకుని ప్రౌట్ ఇంటికొచ్చాడు. ఏడాదిలో అదే మొదటిసారి. మంచం దగ్గర నిలబడి చూశాడు. లియా అతన్ని పోల్చుకోవడానికి చాలాసేపు పట్టింది.

"పిల్ల తింటోందా?" అంది.

"తింటోంది అత్తా."

"మరి ఏడుస్తావేం? తిననీ."

అతను టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. ఇంటికి పోలేదు. కొట్టాంలోంచి కత్తెర తెచ్చి, ఇంకా వెలుగుండగానే తీగ ఒక్కొక్క వరసా కోసి పక్కకి లాగేశాడు. అరచేతులు చీరుకుపోయాయి. అలాగే వెళ్లి కూతుర్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

తెల్లారేసరికి లియా గుర్తులు చేను దాటి, మిట్ట ఎక్కి, చర్చి గేటు లోపలికి వెళ్లిపోయాయి. దారి పొడుగునా వాటి పక్కనే ఒక చిన్న ఎడమ గుర్తు, ఎవరి చెయ్యో పట్టుకుని గెంతుకుంటూ వెళ్లినట్టు. గేటు అవతల చిన్నది కనపడలేదు. పాలు పితికే వేళకి లియా ప్రాణం పోయింది. పీలికల దుప్పటి ఆమె చేతిలోంచి జారి ఉంది.

మోరీన్ నిద్ర లేచి రొట్టె మీద కొవ్వు రాసిమ్మంది. ఆ ఎడమకాలు తుంటి నుంచి కింది దాకా రాయిలా చల్లబడింది. పొయ్యి పక్కన పెట్టినా, ఉన్ని చుట్టినా, ఆమె బతికినన్నాళ్లూ వెచ్చబడలేదు. కానీ ఆమె చాలా ఏళ్లు బతికింది.

అంత్యక్రియలకి ఊరు వచ్చింది, లియా కోసం. ఫెల్గేట్ ముందు భుజం పట్టాడు. హిల్డాని పలకరించలేదు. కోసిన తీగ దగ్గరికి రాగానే మోసేవాళ్లు ఆగారు. పరాయి భూమిలోంచి శవాన్ని మోసుకుపోతే ఆ దారి ఊరిదైపోతుందని అక్కడివాళ్ల నమ్మకం. అలాంటి చట్టమేదీ లేదని పాదిరీ ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినరు. దారి తమది కాదని ఒప్పుకునేవాళ్లు ఆసామీ చేతిలో ఒక గుండుసూది పెట్టాలి. అతను తీసుకుంటే, దయతలచి పోనిచ్చాడని లెక్క. మోతబాట మీద ఎన్నడూ ఎవరూ సూది పెట్టలేదు.

ఇక్కడ దారి లేదని చెప్పింది హిల్డాయే. అందుకని తనే ముందుకొచ్చి, కాలరులోంచి సూది తీసి గెడ్డింగ్ ముందు చెయ్యి చాచింది. అతని భుజం మీద మోరీన్ ఉంది. ఉన్ని చుట్టిన ఎడమకాలు తండ్రి గుండెల మీద కట్టెలా వేలాడుతోంది.

గుడ్డలు చుట్టిన చేత్తో గెడ్డింగ్ ఆమె వేళ్లు మూశాడు, సూది లోపలే ఉండేట్టుగా.

"మోతబాట మీద సూది ఎవరిస్తారు," అన్నాడు.

ఫెల్గేట్ పిల్ల కాలు వంక చూశాడు. బాట మీద లియా గుర్తుల పక్కన పైదాకా వెళ్లిన చిన్న ఎడమ గుర్తుల వంక చూశాడు. పేటిక భుజం మార్చుకుని, "హిల్డా, నువ్వు ముందు నడువమ్మా," అన్నాడు. "దారి నీకు తెలుసు."

హిల్డా గుర్తులు తొక్కకుండా పక్కనుంచి నడిచింది. నడుస్తూ పేర్లు మొదలుపెట్టింది, తాత, ముత్తవ్వ, వంకరవేలు ఎడ్నా, తమ్ముడు, నాన్న. ఈసారి ఒక్కటీ తప్పలేదు. చివర తల్లి పేరు చెప్పుకునేసరికి చర్చి గేటు వచ్చింది. పటంలో మోతబాట చోట ఇప్పటికీ ఉత్త బార్లీ చేనే.