గుడ్డ లెక్క

ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి, పెరట్లోని రేకుల షెడ్డులోంచి లెక్కల మాస్టారు ఇంట్లో ఉన్న భార్యకి ఫోన్ చేశాడు. షెడ్డుకీ వంటింటికీ మధ్య ఇరవై అడుగులు కూడా లేవు. కానీ చేతులు మోచేతుల దాకా నల్లనూనెలో మునిగి ఉన్నాయి. ఆ చేతులతో గడప తొక్కితే ఆవిడ ఉతుకుడు బట్టలతో ఆగదు. అందుకని బావమరిది ఫోన్‌ని బావగారి చెవికి ఆనించి పట్టుకున్నాడు. పక్కనే గాలి కొట్టే కంప్రెసర్ డబడబలాడుతోంది.

"ఏమోయ్, బేరింగ్ కుదిరింది. సాయంత్రం బండి గేటు దాటుతుంది."

కంప్రెసర్ హోరులో ఆ బేరింగ్ తోక తెగి, ఆవిడ చెవిలోకి బేరమై దూరింది. బేరం కుదిరింది. బండి గేటు దాటుతుంది. ఇంకేం కావాలి?

"నిజంగానా?" అంది ఆవిడ.

"నిజంగానే. మూడేళ్ళు ఏడిపించింది. ఇవాళ్టికి కుదిరింది."

"పోనీలెండి, ఇన్నాళ్ళకి మంచి మాట విన్నాను" అంటుంటే ఆవిడ గొంతు వణికింది.

మాస్టారు పొంగిపోయాడు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో భార్య ఒక బేరింగ్ గురించి గొంతు వణికించడం ఇదే మొదలు. ఇక్కడ ఈయన పొంగుతుండగానే, అక్కడ ఆవిడ రెండు వీధుల అవతల ఉన్న తల్లికి ఫోన్ చేసి, "అమ్మా, ఆ బండి పీడ విరగడవుతోందే, వచ్చి కళ్ళారా చూడు" అని చెప్పేసింది.

ఆ బండి పాతికేళ్ళది. పాతికలో సగం పాతే అని మాస్టారే అంటాడు. డీజిల్ ఇంజను, దానికో టర్బో. టర్బో అంటే ఇంజను వదిలేసిన వేడి పొగతో గిర్రున తిరిగే చిన్న చక్రం. ఆ తిరుగుడుతో బయటి గాలిని లాగి మళ్ళీ ఇంజనులోకే కుక్కుతుంది. "వదిలిన ఊపిరితోనే ఊపిరి పోయడం" అని మాస్టారు వర్ణించేవాడు. "ఉన్న ఊపిరి తీయడం" అని భార్య సవరించేది. బండితో వచ్చిన చిన్న టర్బో ఆయనకి ఆనలేదు. తుక్కుకొట్లో ఓ పెద్ద టర్బో దొరికితే తెచ్చి, దానికి తగ్గట్టు గొట్టాలు వంచి, బిగింపులు కోయించి, బేరింగ్ మార్చి, మూడేళ్ళు కూర్చున్నాడు. బండి మటుకు గేటుకి అడ్డంగా నిలబడే ఉంది.

పోయిన నెల ఇంట్లో మాటా మాటా పెరిగింది. ఆ వేడిలో మాస్టారు గోడమీది క్యాలెండర్ దగ్గరికి వెళ్ళి ఈ ఆదివారం చుట్టూ సున్నా చుట్టాడు. "ఆ రోజు సాయంత్రం ఐదులోపు ఇది తన కాళ్ళమీద తను గేటు దాటకపోతే, సోమవారం పొద్దున తుక్కు లారీవాడికి తాళాలు నా చేత్తో నేనే ఇస్తాను" అన్నాడు. లెక్కల మాస్టారు సున్నా చుడితే చుట్టినట్టే. బడిలో వేలమంది సాక్షులున్నారు.

బావమరిది దర్జీ. సీట్లు కుట్టడానికని వచ్చి ఇంజనుకి అంటుకుపోయాడు. "బట్టలు కుట్టేవాడివి, ఇంజన్లతో నీకేం పని" అని అక్క అంటే, "ఇంజన్ కుట్టదు కదా అక్కా, తేలు కాదు కదా" అనేవాడు.

ఇద్దరికీ పనిలో ఒకే ఒక మడి ఉంది, అది గుడ్డ లెక్క. టర్బో విప్పినప్పుడు నోళ్ళు తెరుచుకుంటాయి. ఏ నోట్లో చిన్న నట్టు పడ్డా, ఇసుక రేణువు పడ్డా ఇంజను గోవిందా. అందుకని విప్పిన ప్రతి నోట్లోనూ ఓ గుడ్డ కుక్కుతారు. ఆవిడ పాత చీర ఒకటి పన్నెండు ముక్కలు చేసి, మూలన అంకెలు వేసి, గోడకి పన్నెండు మేకులు కొట్టి తగిలించారు. తాళం తిప్పే ముందు మేకులన్నీ నిండి ఉండాలి. ఒక్క మేకు బోడిగా ఉన్నా తాళం ముట్టుకోకూడదు.

పదమూడో మేకుకి గుడ్డ లేదు. జానెడు వెడల్పు చెక్కపలక ఒకటి వేలాడుతుంది. దాన్ని ఎప్పుడూ వాడింది లేదు.

మూడున్నరకి అత్తగారు వచ్చింది. మోకాళ్ళ బేరింగులు ఎప్పుడో అరిగిపోయిన మనిషి. నిలబడలేనంది. షెడ్డులో ఉన్న కుర్చీకి నడుమ అల్లిక తెగి బావిలా ఉంది. దర్జీ అటూ ఇటూ చూసి, దేన్నో ఆ బావిమీద పరిచి, తల్లిని సరిగ్గా బండికి ఎదురుగా, గేటుకి ఇవతల కూర్చోబెట్టాడు.

"ఎట్టకేలకి దాటుతోందట కదా అల్లుడుగారూ" అంది అత్తగారు.

"మీ ఆశీర్వాదం అత్తయ్యగారూ."

"నాదేముంది. మీ మనసు మారింది, అదే పదివేలు."

ఆ మనసు మారడమేమిటో ఆయనకి అర్థం కాలేదు. అడిగే తీరికా లేదు. టైము మూడూ నలభై. మేకులు చూశాడు. ఒకటి నుంచి పన్నెండు దాకా అన్నీ నిండుగా ఉన్నాయి, దర్జీ చేతి మడతలో చక్కగా. బానెట్ విప్పి గోడకి ఆనించి ఉంది. గాలి వడకట్టే డబ్బా ఇంకా బిగించలేదు. గాలి పీల్చే రబ్బరు గొట్టం వెల్లకిలా పెట్టిన గిన్నెలా నోరు తెరుచుకుని ఉంది. దర్జీ పొగ రంగు చూడటానికి బండి వెనక్కి వెళ్ళాడు. భార్య పెద్ద స్టీలు పళ్ళెంలో నాలుగు టీ గ్లాసులు పెట్టుకుని వంటింటి మెట్లు దిగుతోంది.

మాస్టారు సీట్లో కూర్చుని తాళం తిప్పాడు.

రెండు దగ్గులు, ఒక తుమ్ము. మూడోసారికి ఇంజను అందుకుంది. మూడేళ్ళ మౌనవ్రతం వదిలి మెత్తగా గురగురలాడింది. టర్బో సన్నగా ఈల వేసింది. మాస్టారి కళ్ళు చెమర్చాయి.

ఈల పెరిగింది.

ఆయన కాలు దేనిమీదా లేదు. అయినా పెరిగింది. ఇంజను వేగం చూపే ముల్లు వెయ్యి దాటింది, రెండు వేలు దాటింది. ఈల కాస్తా కేకయింది. వెనక నుంచి దర్జీ, "బావా, తెల్లపొగ" అన్నాడు. మరుక్షణం, "బావా, నువ్వు కనబడట్లేదు" అన్నాడు.

మాస్టారు తాళం తీసేశాడు. తాళం చేతిలోకి వచ్చింది, ఇంజను మటుకు ఆగలేదు. మూడు వేల ఐదు వందలు.

ఇదేమిటో మాస్టారికి తెలుసు. చదివాడు, విన్నాడు, భోజనాల దగ్గర గ్లాసు బోర్లించి భార్యకి వందసార్లు వివరించాడు కూడా. టర్బో నూనె దారి తప్పి గాలి గొట్టంలోకి ఎక్కితే, ఇంజను డీజిల్ మానేసి తన నూనె తనే తాగి పరిగెడుతుంది. డీజిల్‌కి తాళం ఉంది కానీ నూనెకి లేదు. ఉన్న నూనె అయ్యేదాకా పరిగెత్తి, తర్వాత ముక్కలై ఊరుకుంటుంది. మహా అయితే ఒకటిన్నర నిమిషం. ఆ తర్వాత తుక్కు లారీవాడికి తాళాలు కూడా అక్కర్లేదు.

గేరు వేసి, బ్రేకు తొక్కి, క్లచ్ వదిలితే ఇంజను ఉక్కిరిబిక్కిరై చావచ్చు. పాత బ్రేకులు పట్టకపోతే బండి ఎగిరి ముందుకి దూకవచ్చు. ముందు అత్తగారు ఉంది. నాలుగు వేలు. మాస్టారు గేరు మీద వేసిన చెయ్యి తీసేశాడు.

రెండో దారి ఒకటుంది. గాలి మూసేస్తే గప్‌చుప్. చెక్కపలక ఉన్నది అందుకే. సీట్లోంచి దూకి గోడ దగ్గరికి పరిగెత్తాడు. పదమూడో మేకు బోడిగా ఉంది.

"పలక" అని అరిచాడు. "పలక ఏదిరా?"

"పలుకుతూనే ఉన్నాను కదయ్యా" అంది అత్తగారు పొగలోంచి. "మీకే వినపడట్లేదు."

"అమ్మ కింద ఉంది బావా" అన్నాడు దర్జీ. "కుర్చీకి వేశాను." అంటూనే పొగలో పడి తల్లి వైపు పరిగెత్తాడు. "లేమ్మా, లే."

"మోకాలు పట్టేసిందిరా."

షెడ్డు రేకులు అదురుతున్నాయి. గోడమీది పానాలు ఒక్కొక్కటే రాలుతున్నాయి. మాస్టారు ఇంజను మీదికి వంగాడు. రబ్బరు నోరు గాలిని ఎంత బలంగా లాగుతోందంటే, ఆయన చొక్కా జేబులోని కాగితం ఎగిరి అందులో మాయమైంది. అరచెయ్యి చాపాడు. ఆ చెయ్యి నోట్లోకి పోతే చాక్‌పీసు పట్టుకోవడానికి మిగలదు. తెలుసు. అయినా చాపాడు.

ఎవరో ఆయన భుజాన్ని భుజంతో తోసేశారు. గ్లాసులు నేలకూలిన చప్పుడైంది. స్టీలు పళ్ళెం రబ్బరు గొట్టం నోటి మీద ఠప్పున పడి అతుక్కుపోయింది. భార్య రెండు చేతులూ దాని వెనక ఉన్నాయి, తల పక్కకి తిప్పుకుని ఉంది.

కేక ఈలయింది. ఈల మూలుగయింది. ఇంజను ఒళ్ళంతా ఒక్కసారి విదిలించుకుని ఆగిపోయింది.

పొగ నెమ్మదిగా గేటు దాటి వీధిలోకి వెళ్ళింది. బండి కంటే ముందు అదే దాటింది.

"వందసార్లు చెప్పారుగా" అంది భార్య. "అన్నం తిననివ్వకుండా."

ఈ బండి పోవాలని మూడేళ్ళుగా కోరుకుంటున్న మనిషి. ఇంకో అర నిమిషం చేతులు కట్టుకుని నిలబడి ఉంటే దానంతటదే పోయేది. అయినా ఆపింది. ఇంజనుకి రాని వేడి ఏదో మాస్టారి గుండెకి వచ్చింది.

పొగ తేలేసరికి నాలుగుంపావు. గంట కూడా లేదు. నూనె ఎందుకు దారి తప్పింది? టర్బోలోకి పైనుంచి వెళ్ళిన నూనె కింది గొట్టంలోంచి ఇంజనులోకి దిగాలి. దిగకపోతేనే పైకి పొంగి గాలిలో కలుస్తుంది. అంటే కింద ఏదో అడ్డం పడింది. మాస్టారు చేతికి తువ్వాలు చుట్టుకుని ఆ వేడి గొట్టం విప్పాడు. లైటు వేసి చూస్తే లోపల నీలం పువ్వు కనబడింది.

"ఇది నా చీర" అంది భార్య.

"గుడ్డలు పన్నెండూ ఉన్నాయే" అన్నాడు మాస్టారు. గోడ దగ్గరికి వెళ్ళి ఒక్కొక్కటీ మడత విప్పాడు. ఆరు దాకా బాగానే ఉన్నాయి. ఏడోది విప్పాడు. గుడ్డ సగమే ఉంది. అంచు కత్తెరతో కోసినట్టు తిన్నగా ఉంది.

మాస్టారు దర్జీ వైపు తిరిగాడు.

"మొన్న ఆ చిన్న నోట్లో ఏడో గుడ్డ కుక్కమన్నావు బావా" అన్నాడు దర్జీ నేల చూస్తూ. "పట్టలేదు. సగానికి కోసి కుక్కాను. అంకె ఉన్న సగం మడిచి మేకుకి పెట్టాను. గొట్టం బిగించేటప్పుడు నువ్వు తీస్తావులే అనుకున్నా."

"మేకు నిండి ఉంటే నేనెందుకు చూస్తానురా? పదకొండున్నర గుడ్డల్ని పన్నెండని గుడ్డిగా లెక్కపెట్టాను. ఇరవై ఏళ్ళుగా పిల్లలకి భిన్నాలు చెబుతున్నాను నేను."

"కోత మటుకు తిన్నగానే ఉంది కదా బావా."

"నోరు ముయ్యి. కావాలంటే మిగతా సగం ఇస్తాను."

గుడ్డ లాగారు. గాలి గొట్టాలన్నీ విప్పి, మాస్టారి జేబు కాగితం ముక్కలు ఏరి, నూనె ఒంపి, తుడిచి, మళ్ళీ బిగించారు. కొత్త నూనె పోశారు. అత్తగారిని కుర్చీతో సహా మోసుకెళ్ళి వరండాలో పెట్టారు. నాలుగూ యాభై. మాస్టారు సీట్లో కూర్చున్నాడు. భార్య అడక్కుండానే పళ్ళెం పట్టుకుని గొట్టం నోటి దగ్గర నిలబడింది.

తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. గొట్టాల్లో మిగిలిన నూనె కొంచెం పొగై పోయింది. ఈల మొదలైంది. పళ్ళెం నోటికి బెత్తెడు దూరంలో ఉంది. వెయ్యి దగ్గర ముల్లు ఆగింది. ఎవరూ ఊపిరి తీయలేదు, ఇంజను తప్ప. ముల్లు కదల్లేదు. మాస్టారు కాలు మెత్తగా నొక్కాడు, ఎక్కింది. కాలు తీశాడు, బుద్ధిగా దిగింది.

భార్య పళ్ళెం దించింది. గాలి డబ్బా బిగించారు. ఐదుకి మూడు నిమిషాలు ఉండగా బండి తన కాళ్ళమీద తను గేటు దాటింది. వీధి చివరిదాకా వెళ్ళి, మలుపు తిరిగి, ఈల వేసుకుంటూ వచ్చి మళ్ళీ గేటు ముందు ఆగింది.

మాస్టారు మహారాజులా దిగాడు.

"అదేమిటి, తిరిగి తెచ్చారు?" అంది భార్య.

"కొన్నవాళ్ళింట్లో దింపలేదా?" అంది అత్తగారు వరండాలోంచి.

"కొన్నవాళ్ళెవరు?"

"మీరేగా ఫోన్లో చెప్పారు, బేరం కుదిరిందని" అంది భార్య.

మాస్టారు దర్జీని చూశాడు. దర్జీ కంప్రెసర్‌ని చూశాడు.

"బేరింగ్ అన్నాడక్కా" అన్నాడు దర్జీ. "బేరింగ్ కుదిరింది అన్నాడు. ఫోన్ పట్టుకున్నది నేనే. పక్కన ఇది మోగుతోంది."

భార్య మెట్టుమీద కూర్చుండిపోయింది. మాస్టారు పక్కనే కూర్చున్నాడు. ఒక అనుమానం ఆయన గొంతులో గుడ్డలా అడ్డం పడింది.

"మరి పళ్ళెం పెట్టి ఆపావు కదా. అప్పుడు..."

"పరాయివాళ్ళ సొత్తు అయిపోయింది కదా అని ఆపాను. మాట ఇచ్చి పాడైన బండి అంటగడితే ఎవరికి చెడ్డపేరు?"

"మనదే అని తెలిసుంటే?"

ఆవిడ నొక్కుకుపోయిన పళ్ళాన్ని తిప్పి తిప్పి చూసింది. నడుమ గుండ్రంగా గొట్టం నోరు అచ్చుపడి ఉంది.

"పన్నెండు లెక్కపెట్టేదాన్ని" అంది. "పదకొండున్నర దగ్గర ఆపేదాన్ని."

వరండాలోంచి అత్తగారు గొంతు పెంచింది. "నాకు ఎవరూ ఏమీ సరిగ్గా చెప్పరేం? పిలిపించి పొగ పెట్టారు. బేరింగో బేరమో మీలో మీరు తేల్చుకోండి. ఇంతకీ ఆ బండి పోయినట్టా, ఉన్నట్టా?"

భార్య లేచి షెడ్డులోకి వెళ్ళి పళ్ళాన్ని పదమూడో మేకుకి తగిలించింది. ఊడకుండా ఉందో లేదో ఒకసారి లాగి చూసింది.

"ఉన్నట్టేనమ్మా" అంది.