పనస కింద పడుకున్న ఏనుగు

మా తాతబ్బాయి బావ నెత్తిమీద అరచేతి వెడల్పున మట్టిపెళ్ళ ఉంది, అదేమిటంటే టోపీ అని బుకాయిస్తున్నాడు. పుష్యమాసంలో మేమందరం కలిసి సాగనంపిన మనిషి ఇప్పుడు మా అక్క పెరట్లో పనసచెట్టు కింద పీట వేసుకుని, చుట్ట వెలిగించుకుని, నేనే ఆలస్యంగా వచ్చినట్టు నా వంక చూస్తున్నాడు. పెరడు కూడా పెరడులా లేదు. ఓ పక్క అక్క వంటింటి గోడ, రెండో పక్క గోదావరి, మధ్యలో నేల రేవు దాటే పంటులా మెల్లగా ఊగుతోంది, ఆసరాకి పనసమొదలు పట్టుకుందామంటే అది పట్టుకోబోయినప్పుడల్లా కాస్త పక్కకి జరుగుతోంది. పోయాక కూడా నన్ను స్థిమితంగా నిలబడనివ్వడు ఈ మహానుభావుడు.

"టోపీ తియ్యి బావా. సొంత పెరట్లో టోపీ ఏంటి?"

"తియ్యకూడదోయ్ బామ్మర్దీ. దానంతటది లేవాలి."

"సర్లే, ముందు కచ్చూరాల సంగతి చెప్పు. తెల్లారితే మేస్త్రి ఏసోబు వచ్చేస్తాడు. ఈ పనస కిందంతా సిమెంటు గచ్చు చేయించేస్తోంది అక్క."

కచ్చూరం అంటే సున్నిపిండిలో కలిపే ఆ వాసన దుంపే. ఎండ సోకని ఈ నీడలో గడ్డిపరక కూడా మొలవనంటే, బావ ఎక్కడినుంచో నాలుగు దుంపలు తెచ్చి పాతాడు, అవి ఏళ్ళ తరబడి పాకి పాకి, వానాకాలమంతా గుండ్రటి ఆకులు నేలకి అంటుకుపోయి పచ్చచాప పరిచినట్టుండేది, ఆ చాప మీద ఊదామచ్చల తెల్లపూలు. పొద్దున్న విచ్చుకుని మధ్యాహ్నానికి నీరుగారిపోయే పూలు కనక, కాఫీ అయినా తాగనివ్వకుండా అక్కని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించేవాడు. ఆవిడ తిట్టుకుంటూ వచ్చి, తిట్టుకుంటూ చూసి, చూస్తూ చూస్తూ తిట్టడం మర్చిపోయేది. చలికాలానికి ఆకంతా ఎండి నేల బోడిగుండైపోతే, దుంపలు నిద్రపోయే చోటల్లా ఒక పెంకుముక్క గుచ్చేవాడు, తెలియక ఎవరైనా పార వేస్తారని. ఈ ఏడు ఆకు ఎండింది, పెంకులు గుచ్చేలోగా ఆయనే పోయాడు. తొలకరి పడినా ఒక్క మొలక లేదు. "ఆయన పెట్టినవి, ఆయనతోనే పోయాయిరా సూరీడూ. ఆ బోడినేల రోజూ చూడలేను నేను" అంటుంది అక్క.

"బతికున్నాయా లేవా? ఒక్క ముక్క చెప్పు బావా."

బావ తీరుబడిగా పొగ వదులుతాడు, ఆ పొగ కచ్చూరం వాసన వేస్తుంది. "ఎండాకాలంలో నీళ్ళు పోశావా?"

"పోశాను. బిందెలకి బిందెలు. నడుం పడిపోయింది."

"నిద్రపోయేవాడి నోట్లో మజ్జిగ పోస్తే ఏవవుద్దంటావ్?"

"ఆ మాట చెప్పి పోవచ్చుగా! ఊళ్ళో ప్రతివాడికీ అడక్కుండా సలహాలిచ్చావు, నాకీ ఒక్కటి చెప్పడానికి నోరు రాలేదు! ఒక దుంప తవ్వి చూస్తే వేళ్ళ సందుల్లోంచి గంజిలా కారింది. అక్క కూడా చూసింది. అప్పుడే మేస్త్రికి కబురెట్టింది."

"మరి మిగతావో?"

"అదే కదయ్యా నిన్నడుగుతున్నది!"

నాకు ఒళ్ళు మండిపోతోంది, ఆయన మటుకు టోపీ సర్దుకుంటున్నాడు. "మా తాత నాటి ఏనుగు కథ నీకు చెప్పలేదు కదూ?"

"సగం చెప్పావు. ఆసుపత్రి మంచం మీద మొదలెట్టి, జమీందారుగారి ఏనుగు కచ్చూరం పాదులో కాలు పెట్టే దాకా తీసుకొచ్చి, ఆయాసంగా ఉంది ఆగమన్నావు. ఆగాను. ఇప్పటికీ ఆగే ఉన్నాను."

నేనూ తక్కువవాణ్ణి కాను, మా గుమ్మడితీగ స్టేషన్ దాకా పాకి టిక్కెట్టు లేకుండా రైలెక్కిందని పదిమందిని నమ్మించినవాణ్ణే. కానీ నా అబద్ధాలకి ఒక చివరంటూ ఉంటుంది. ఈయనలాగా మనిషిని సగంలో వదిలేసి పోను.

"ఆ వాసనకి మత్తెక్కి ఏనుగు అక్కడే పడుకుందోయ్," అంటాడు బావ. "మాఘం పోయింది, ఫాల్గుణం పోయింది, లేవదు. మీద దుమ్ము పడింది, దుమ్ము మీద గడ్డి మొలిచింది. చచ్చిందనుకున్నారు. ఈడ్చడానికి బలం చాలక దాని మీంచే రోడ్డేసేశారు. బళ్ళన్నీ దాని వీపెక్కి దిగేవి."

"ఏనుగు మీద రోడ్డు!"

"నీ రైలెక్కిన గుమ్మడికంటే నయమే. తర్వాత తొలకరి పడింది."

"పడితే?"

"రోడ్డు లేచి నడుచుకుంటూ వెళ్ళిపోయింది బామ్మర్దీ. బళ్ళతో సహా."

నవ్వకూడదనుకుంటూనే నవ్వేస్తాను, నవ్వినందుకు మళ్ళీ కోపం వస్తుంది, ఈలోగా నేల గోదావరిలోకి జరుగుతూ ఉంటుంది, బావ పీటా పనసచెట్టూ అటు ఒడ్డున పడి, నేనూ వంటింటి గోడా ఇటు మిగిలిపోతాం. "అక్కకి ఏం చెప్పమంటావు బావా? ఏనుగంటే నా మీద కూడా గచ్చు పోయిస్తుంది!"

"చెప్పకు. కాఫీ తాగక ముందే లాక్కురా."

"ఎక్కడికని లాక్కురాను? పెంకులెక్కడ గుచ్చాలో అదైనా చూపించి పో!"

ఆయన చుట్ట పళ్ళ మధ్య పెట్టుకుని, వేలితో నెత్తిమీద పెళ్ళని చూపిస్తాడు, అది నెమ్మదిగా బీటలిస్తోంది, పంటు మీది గొలుసు గరగరమని జారుతోంది, జారుతోంది...

గొలుసు కాదు, పార. ఏసోబు అప్పుడే వచ్చి పెరట్లో ఇసక కలుపుతున్నాడు. మంచం దిగి, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళాను.

"ఏంటండీ, అంత కంగారు?" అన్నాడు.

"నీ పార కాస్త ఆపవయ్యా బాబూ."

పనస మొదట్లో, ఇసక కుప్పకి జానెడు అవతల, అరచేతి వెడల్పున మట్టిపెళ్ళ ఒకటి బీటలిచ్చి పైకి లేచి ఉంది. వంగి కిందకి చూశాను. చుట్టలా బిగించి చుట్టుకున్న లేతాకు ఒకటి, ఆ పెళ్ళని నెత్తిన పెట్టుకుని నిలబడి ఉంది.

టోపీ నేను తియ్యలేదు. వంటింట్లోకి వెళ్ళి, కాఫీ గ్లాసు నోటి దాకా తీసుకెళ్తున్న అక్కని చెయ్యి పట్టుకుని లాగాను. తిట్టుకుంటూ వచ్చింది.