కావాలా అంటే వద్దన్నాను

ఎవరేం ఇవ్వబోయినా వద్దనడం నాకు చిన్నప్పటి అలవాటు. అమ్మ నేర్పిందే. అందుకే నీళ్ల సర్వే చేసే అక్క గుమ్మంలో నిలబడి, "చెల్లీ, రెండో పంటకి మీ పొలానికి కాలువ నీళ్లు కావాలా?" అని అడిగితే తలుపు చాటు నుంచే "వద్దక్కా" అనేశాను.

"నిజంగానా? అమ్మని అడిగి చెప్పరాదూ?"

"అమ్మ పొలంలో ఉంది. మాకొద్దు."

త్వరగా వెళ్లిపోతే చాలనిపించింది. ఆమె ఫోన్‌లో ఏదో నొక్కుకుంది. మంచినీళ్లడిగి, తాగి వెళ్లింది.

నిన్న రైతుల మీటింగుదాకా ఆ సంగతే మర్చిపోయాను. ఈసారి రిజర్వాయర్‌లో నీళ్లు సగమే ఉన్నాయి కాబట్టి, కావాలన్నవాళ్లకే వంతులు వేశామని చెప్పి ఇంజినీరు జాబితా చదివాడు. అందులో మేం లేము.

అమ్మ కొంగు బిగించి లేచింది. "నీళ్లొద్దని ఎవరైనా అంటారా సారూ? ఈ సర్వే పిల్ల మా గడపే తొక్కలేదు. నీడలో కూర్చుని రాసేసుకుంది!"

"ఫోన్‌కి ఎండ తగలకూడదమ్మా," అన్నారెవరో వెనక నుంచి. అందరూ నవ్వారు.

అక్క నన్ను చూసింది. గుర్తుపట్టింది. నేను చెప్పులకేసి చూస్తూ నిలబడ్డాను. "నేనే అన్నాను" అంటే చాలు. కానీ అంటే పంట పోతుంది.

"ఏమ్మా, నిజమేనా?" ఇంజినీరు అక్కని గద్దించాడు.

అక్క నా మీంచి చూపు తిప్పుకుంది. "మళ్లీ వెళ్లి అడగాల్సింది సార్. నాదే పొరపాటు."

ఆమెని ఇక పనికి రావద్దన్నారు. మాకు వంతు దొరికింది. కొత్త నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి? కాలువ చివర పొలమున్న పిన్ని వంతులోంచి కోశారు. "పోన్లే అక్కా, నువ్వూ బతకాలిగా," అంది పిన్ని అమ్మతో.

పొద్దున్నే మా కాలువ పారింది. అమ్మ పారతో గట్టు తెంచి మడిలోకి నీళ్లు మళ్లిస్తోంది.

"ఆ అక్క మనింటికొచ్చిందమ్మా," అన్నాను. "వద్దన్నది నేనే."

అమ్మ తల ఎత్తలేదు. "వచ్చిందని తెలుసు. గుమ్మం దిగుతుంటే ఇక్కణ్ణుంచే చూశాను. నువ్వేమన్నావో మీటింగులో మన పేరు రానప్పుడే అర్థమైంది. ఇంకెక్కడా వాగకు, ఆ మట్టి ఇటు లాగు."

లాగాను. దూరంగా పిన్ని తన గట్టు మీద కూర్చుని, మా మడి ఎప్పుడు నిండుతుందా అని చూస్తోంది.