వదిన పళ్లెం

...అయినా ప్లాస్టిక్ కుర్చీ కింద మట్టి ఇంత మెత్తగా ఉంటే ముసలిమనిషి ఎంతసేపని కూర్చుంటుంది, మధ్యాహ్నం నీళ్లు చల్లినట్టున్నారు, రాసాత్తి అత్త కుర్చీ వెనక కాళ్లు అప్పుడే మట్టిలోకి దిగుతున్నాయి, ఒక చేత్తో దాని వీపు పట్టుకునే ఉన్నాను, అత్తకు అదేమీ పట్టలేదు, మెడ చాచి పార్కు నడుమనున్న చిన్న ఇటుక గదినే చూస్తోంది, ఆ గదికి నాలుగు పక్కలా చెక్క రెక్కల కిటికీలు, వాటి వెనక నోళ్లు తెరిచిన గొట్టాలు, ఇళ్లలో ఎవరికీ రేడియో లేని రోజుల్లో సాయంత్రమైతే కార్పొరేషను మనిషి వచ్చి తాళం తీసి లోపల రేడియో పెట్టేవాడట, చింతాద్రిపేటంతా ఈ గడ్డిలోనే కూర్చొని వినేదట, తరవాత ఆ గదిలో తోటవాళ్లు పారలూ చీపుర్లూ పెట్టుకున్నారు, ఇవాళ పాత రేడియో పాటలు వెతికే ఈ పిల్లలు దాన్ని కడిగి సున్నం కొట్టి ఒక్క సాయంత్రానికి మళ్లీ రేడియో గది చేశారు, ఈడనేరా జయరామా, ఈడనే కూర్చున్నాము, నీళ్ల కొళాయి ఆ పక్కన ఉండె, అంటోంది అత్త, పళ్లు లేని నోటితో అంత గట్టిగా అనేసరికి ముందు వరసలో జుట్టు ముడేసుకున్న కుర్రాడు వెనక్కి తిరిగి నవ్వాడు, ఏందిరా చూస్తావు, మీ అవ్వకంటే ముందు పుట్టినదాన్ని, నా మొగం ఫోటో తీసుకో పో, వాడు నిజంగానే ఫోను ఎత్తి తీసుకున్నాడు, అత్త కొంగు సర్దుకుంది, తొంభై దాటినా కొంగు సర్దుకోవడం మరవలేదు.

ఈ మనిషే నన్ను పెంచింది, మా నాన్నకు చెల్లెలు, నాకు మాటలు రాకముందే మా అమ్మ వేదవల్లి జ్వరమొచ్చి పోతే నన్ను చంకనేసుకొని పొన్నేరి అవతలున్న తన అత్తింటికి తీసుకుపోయింది, ఆ రోజు ఆమె మోసుకుపోయిన మూటలో నా చొక్కాలు రెండూ, అమ్మ పళ్లెమూ ఉన్నాయి, పళ్లెమంటే తినే పళ్లెం కాదు, నల్లటి పెద్ద రేకు, మా ఊళ్లో దోసెలు పోసే పెనంకంటే వెడల్పు, నడుమ చిల్లు, ఎగ్మూరులో రేడియో స్టేషనుంటే మా మేనమామ అమ్మను అక్కడికి తీసుకుపోయి పాడించాడట, పల్లెపాటల కార్యక్రమంలో ఒకే ఒక్క సాయంత్రం, నూలు చుట్టేటప్పుడు నేతవాళ్ల ఆడవాళ్లు పాడుకునే పాట, అప్పుడు స్టేషనువాళ్లు ఆ పాటను ఈ పళ్లెంమీద సన్నటి గీతలుగా కోసి, ఇందులో నీ గొంతుందమ్మా అని ఆమె చేతికిచ్చారట, ఎందుకిచ్చారో, వాళ్లకు అక్కర్లేదో, ఆమె అడిగిందో, చెప్పేవాళ్లు లేరు, ఇంట్లో అమ్మ ఫోటో ఒకటుంది, పెళ్లినాటిది, తల వంచుకొని ఉంది, ముఖం తెలుసు, ముఖం చూస్తే గొంతు తెలుస్తుందా.

ఊళ్లో పంచాయతీ రేడియో ఉండేది, బడి వదిలాక ఆ గోడ కింద కూర్చునేవాణ్ణి, ఏ ఆడమనిషి పాడినా ఇది అమ్మదేమో అనుకునేవాణ్ణి, ఎవరినీ అడగలేదు, అడిగే అలవాటు నాకు లేదు, తరవాత నాగలి పట్టాను, పెళ్లయింది, పిల్లలు పుట్టారు, నీళ్ల మోటారు ఆగిపోయి చేను ఉన్నట్టుండి సద్దుమణిగినప్పుడల్లా చెవి దానంతటది దేనికోసమో నిక్కేది, ఏమీ ఉండేది కాదు, కొంగల రెక్కల చప్పుడు తప్ప, ఆ గొంతు ఇంట్లోనే ఉంది, బియ్యం కుండ పక్కన గుడ్డలో చుట్టి, దాన్ని తెరిచే దారే లేదు, ఒకసారి పెళ్లికి మైకుసెట్టు తెచ్చిన చిన్నసామి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది నా పెట్టెలో పట్టదు మామా, పట్టినా నా ముల్లు దీన్ని గీరి పారేస్తుంది, దాచిపెట్టుకోండి అన్నాడు, దాచిపెట్టాము, దాచిపెట్టడం అంటే మాకు తెలిసింది ఒక్కటే గదా.

ఆయుధపూజనాడు నాగలీ కొడవలీ పారా కడిగి వరసగా పెడితే అత్త లోపలినుంచి పళ్లెం తెచ్చి వాటి పక్కన నిలబెట్టేది, ఇది మా వదిన పనిముట్టురా, నీకు కొడవలెట్లనో ఆమెకిదట్ల, అనేది, సానమీద గంధం తీసేది, నీళ్లు పోసి, చిక్కగా, దాన్ని మాత్రం వేలితో బొట్టు పెట్టినట్టు కాదు, గోడకు సున్నం పూసినట్టు అరచేత్తో పూసేది, పైన కుంకుమ, కర్పూరం పొగ, మరుసటేడు తడిగుడ్డతో తుడిచి మళ్లీ కొత్తగా, ఏ ఏడూ తప్పలేదు, ఎవరు పోయిన ఏడు కూడా తప్పలేదు, పసుపుపచ్చగా ఆరిపోయిన ఆ పళ్లెం చూస్తే నాకు కడుపు నిండినట్టుండేది, ఎవరో ఒకరు అమ్మను చూసుకుంటున్నారని.

శరణ్య ఎక్కడ, నా మనవరాలు, తిరువొత్తియూరులో గది తీసుకొని ఉద్యోగం చేస్తోంది, ఇదంతా దాని పనే, పాత రేడియో పాటలు వెతికేవాళ్లు తనకు తెలుసని పళ్లెం తీసుకుపోయి ఆ కిరణ్‌కుమార్ చేతిలో పెట్టింది, ఇందాక ఆటో దిగీ దిగగానే, తాతా, కొంచం వాంగ, కిరణ్ అన్న మాట్లాడాలంట, సీక్రం, అని చెయ్యి పట్టి గది వెనక్కి లాక్కుపోయింది, ఇది ఎప్పుడూ ఇంతే, సగం తెలుగు సగం అరవం, అక్కడ బల్లమీద మా పళ్లెం, దీపం కింద, నేను దాన్ని అంత వెలుతురులో ఎప్పుడూ చూడలేదు, రేకుమీద ఉన్న నల్లటి పొర ఎండిన చెరువు మట్టిలా పగిలి ఉంది, ఆ పగుళ్లలో, సన్నటి గీతల్లో, పసుపు, కిరణ్‌కుమార్ మంచి పిల్లాడు, గొంతు తగ్గించి అడిగాడు, అయ్యా, తప్పుగా అనుకోవద్దు, దీనిమీద ఏమి పూసినారు, ఇది మైనం లాంటిదయ్యా, తడి తగలకూడదు, తడి పొర కిందికి పోయి అంతా లేచిపోయింది, నేను చేతనైనంత తుడిచినాను, అంచున ఒక వేలెడంత బాగుంది, అంతే, ముల్లు పెడితే ఆ పొర ఊడి వచ్చేస్తాది, ఒక్కసారే, ఇంక ఎప్పటికీ లేదు, వచ్చినంత మిషనులో పట్టుకుంటాను, పెట్టమంటారా, ఇట్లనే ఉంచేసుకుంటారా.

ఆ రెండు మాటల నడుమ ఎంతసేపు నిలబడ్డానో, చేపల మార్కెట్టునుంచి గాలి వచ్చింది, కూవం ఏటి వాసన దానిలో కలిసింది, ఉంచేసుకుంటే పళ్లెం ఉంటుంది, లోపల గొంతుందని అనుకుంటూ నేనూ పోవచ్చు, పెడితే ఒక ముక్కైనా రావచ్చు, ఒక్క ముక్క, ఆ అని రాగం తీసినా చాలు, గది మూలనుంచి తొంగి చూశాను, అత్త కుర్చీలో కూర్చొని పక్కనామెతో ఏదో చెబుతోంది, చేతులు తిప్పుతూ, మా వదిన, మా వదిన, ఆ మాట నాకు వినపడకపోయినా పెదాల్లో కనిపించింది, పెట్టు అన్నాను, తరవాత అన్నాను, గంధం సంగతి ఆ ముసలామె ముందర ఎత్తవద్దు, కిరణ్‌కుమార్ తలూపాడు, శరణ్య నా వైపు చూడలేదు.

ఇప్పుడు ఎవరో మాట్లాడుతున్నారు, మైకులో, రేడియో ఎట్లా వచ్చింది, కార్పొరేషను పార్కుల్లో ఎట్లా వినేవారు, జనం చప్పట్లు కొడుతున్నారు, ఒక పాత పాట పెట్టారు, ఎవరిదో వీణ, చెక్క రెక్కల సందులనుంచి ఆ శబ్దం దుమ్ము పట్టినట్టు వస్తోంది, అందరూ కళ్లు మూసుకున్నారు, నేను మూసుకోలేదు, దోమలు, అత్త చెవి దగ్గర చెయ్యి మడిచి పెట్టుకొని ఉంది, ఇనపడతా ఉండాదిరా, బాగానే ఇనపడతా ఉండాది, మీ అమ్మది ఎప్పుడు, దీని తరవాతనా, ఆ తరవాతనా, అన్నం పెట్టేదానికి కూడా ఇంత సతాయించరు కదరా, అని విసుక్కుంటోంది, చిన్నప్పుడు నాకు నిద్ర పట్టకపోతే అత్త పాడేది, నూలు పాట, మీ అమ్మ ఇట్లనే పాడిందిరా అనేది, ఇక్కడ ఇట్ల తీసింది, ఇక్కడ ఆపింది, ఆ తీయడమూ ఆపడమూ ఇన్నేళ్లుగా నాలో ఉన్నాయి, అమ్మ నోటితోనే ఉన్నాయి, ఇవాళ ఒక్క ముక్క వస్తే దానికి ఆనించి మిగతా పాటంతా నేనే నింపుకోవచ్చు.

తాతా, ఇప్పుడే, అంది శరణ్య వచ్చి నా పక్కన నేలమీద కూర్చొని, మైకులో వేదవల్లి అన్నారు, మా అమ్మ పేరు ఇంతమంది ముందర, కిరణ్‌కుమార్ చెయ్యెత్తి ఆపాడు, పైన వంతెనమీద రైలు పోతోంది, అది పోయేదాకా అందరూ ఊరకున్నారు, పోయింది, అప్పుడు గరగర, బియ్యం చెరిగినట్టు, దానిలోనుంచి ఒక మగగొంతు, ఎంత స్పష్టంగా ఉందో, ఇప్పుడు చింతాద్రిపేట శ్రీమతి వేదవల్లి నూలు పాట పాడతారు అని, ప్రతి అక్షరం చెక్కినట్టు, తరవాత తంబూరా, ఒక చుట్టు, ఇంకో చుట్టు, ఎవరో ఊపిరి లోపలికి పీల్చుకున్నారు, నా వేళ్లు అత్త భుజంమీద పడ్డాయి, అంతే, టప్, టప్, టప్, చక్రం మీద రాయి పడ్డట్టు, తరవాత చింపినట్టు ఒక పెద్ద చప్పుడు, కిరణ్‌కుమార్ ముల్లు ఎత్తలేదు, ఏమైనా వస్తుందేమోనని చివరిదాకా ఉంచాడు, ఏమీ రాలేదు, గడ్డిలో కూర్చున్నవాళ్లు కదల్లేదు, కాసేపటికి ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, అందరూ కొట్టారు, దేనికి కొట్టారో.

ఏమిరా, అంది అత్త, ఎప్పుడు పాడతాది, అయిపోయిందవ్వా అంది శరణ్య, మెల్లిగా, ప్లేటు పాడైపోచ్చు, అత్త దానివైపు చూడలేదు, నన్నే చూసింది, ఆ ఊపిరి అమ్మదేనా అత్తా, అని అడిగాను, నాకు తెలియకుండానే అడిగాను, ఆమె కళ్లు చికిలించింది, యాడ చెప్పేది, ఆమె వెంట వాయించిన ఫిడేలాయనది అయినా కావచ్చు, ముక్కుపొడుం పీల్చేవాడంట, అని, పాడైపోచ్చు అన్న మాటను పెదాలతో మళ్లీ అనుకొని, గంధమా అంది, నేను చెట్టువైపు చూశాను, నా గంధమే తినేసిందా దాన్ని, చెప్పరా, నువ్వు సుమ్మా ఊరకుంటే అవునన్నట్టే, నీ సంగతి నాకు తెలవదా, నిన్ను పెంచింది నేను కాదా, శరణ్య ఆమె చెయ్యి పట్టుకోబోయింది, వదిలించుకుంది, అరచేయి తిప్పి చూసుకుంది, పొలం పనికి మొద్దుబారిన అరచేయి, దాన్ని చీరకు రుద్దుకుంది, మళ్లీ రుద్దుకుంది.

నేను ఇనలేదురా, అంది అప్పుడు, మెల్లిగా, నాకు అర్థం కాలేదు, ఇప్పుడు ఎవరమూ వినలేదు గదా అనుకున్నాను, ఇప్పుడు కాదురా, అప్పుడు, మీ అమ్మ పాడిన పొద్దు, ఈడ అంతమంది, మా నాయన, మీ నాయన, వీధి వీధంతా, మీ అమ్మ స్టేషనుకు పోయిందని నిన్ను నా చంకన పెట్టినారు, పాలకు ఏడుపు మొదలుపెట్టినావు, వాడు పేరు చెప్పినాడు, ఆ తంబూరా మొదలైంది, నువ్వు ఊరు లేచిపోయేట్టు ఏడ్చినావు, ఆ బిడ్డను యాడికైనా తీసుకుపొండి అని అందరూ అరిచినారు, మా నాయన కూడా, కూవం వంతెన మీదిదాకా పోయినాను, నువ్వు పండుకున్నాక తిరిగొస్తే రేడియోలో బజారు ధరలు చెప్తా ఉండె, అందరూ ఏం పాడిందమ్మా, ఏం పాడిందమ్మా అంటా ఉన్నారు, నేనూ అన్నాను, ఏం చేసేది మరి.

మరి నువ్వు నాకు పాడింది, అన్నాను, వీధిలో అందరూ పాడేదేరా అది, అందరి మాదిరే నేనూ పాడినాను, ఇంట్లో మా నాయన ముందర మీ అమ్మ నోరు తెరిచి పాడితే కదా నాకు తెలిసేది, మాటే గుసగుస, నువ్వు అట్ల చూస్తా ఉంటివి, అడగవు, చూస్తా ఉంటివి, పావం బిడ్డ అని, ఇట్లనే పాడింది అన్నాను, అంది, మళ్లీ కుర్చీలో కూడదీసుకొని కూర్చొని, ఆ గుడ్డ తీసుకొని రా పో, పళ్లేనికి చుట్టేది, వాళ్లు పారేస్తారు, అంది.

నేను లేవలేదు, గదిలో ఇంకో పాట మొదలైంది, ఎవరో మగమనిషి, చెక్కు చెదరకుండా ఉంది, రెండో చరణంకూడా ఉంది, జనం మళ్లీ కళ్లు మూసుకుంటున్నారు, ఈ గడ్డిలోనే మా తాత కూర్చున్నాడు, మా నాన్న నిలబడ్డాడు, ఆ వీధివాళ్లంతా విన్నారు, ఒక్కొక్కరుగా పోయారు, స్టేషనులో ఎదురుగా కూర్చొని విన్న ఆ ఫిడేలాయన పోయి ఉంటాడు, పేరు చెప్పిన ఆ గొంతు మనిషి పోయి ఉంటాడు, విన్నవాళ్లు ఒక్కరూ లేరు, పాడిన మనిషి లేదు, అత్త మోకాలు రాసుకుంటోంది, దోమ కుట్టినట్టుంది, నా చెయ్యి ఇంకా ఆమె భుజంమీదే ఉంది, మా అమ్మ పాడిన ఆ సాయంత్రంలోనుంచి ఇంత దూరం బతికి వచ్చింది మేమిద్దరమే, ఆ పాట విననిది కూడా మేమిద్దరమే.